గది చల్లబడుతుంది, వైరు వేడెక్కుతుంది

సంపాదకులకు నమస్కారం.

పైకప్పుకూ సీలింగుకూ మధ్య ఉండే ఖాళీలో, అంటే అటకలో, ఉష్ణ నిరోధక పొర పరిస్తే గదులు ఎంత చల్లబడతాయో, కరెంటు వాడకం ఎంత తగ్గుతుందో వివరిస్తూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గ్లాస్‌వూల్ (గాజు పీచు) పరుపు ఎంత మందం ఉండాలి, గాలి రాకపోకలకు ఎక్కడ సందు వదలాలి, తేమ చేరకుండా ఏం చేయాలి అన్న విషయాల్లో వ్యాసకర్త చెప్పినదానిలో నాకు తప్పేమీ కనిపించలేదు. అయితే ఆ పరుపు పరిచే చోటే ఇంటి వైరింగులో పెద్ద భాగం ఉంటుందన్న మాట వ్యాసంలో ఒక్కసారి కూడా రాలేదు. ఇళ్లకు వైరింగు చేయించే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని గనుక, ఆ వదిలేసిన సంగతి గురించి నాలుగు మాటలు రాయడానికి అనుమతి కోరుతున్నాను.

చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. వైరు మీది ప్లాస్టిక్ తొడుగునూ ఇన్సులేషన్ అంటాం, అటకలో పరిచే పరుపునూ ఇన్సులేషన్ అనే అంటాం. మొదటిది కరెంటును బయటికి పోనివ్వదు, రెండోది వేడిని దాటనివ్వదు. రెండూ రక్షణ కోసమే కదా, ఒకదాని మీద ఒకటి ఉంటే మరీ మంచిదని ఇంటివాళ్లే కాదు, పనివాళ్లు కూడా అనడం నేను విన్నాను. నిజానికి ఆ రెండింటికీ పొసగదు. పరుపు కింద కప్పబడిపోయిన వైరులో పుట్టిన వేడికి బయటపడే దారి ఉండదు; ఆ వేడి తిరిగి తిరిగి వైరు తొడుగునే కాలుస్తుంది.

ఎంత వేడి పుడుతుందన్నది లెక్కకు అందే విషయమే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు 7.41 ఓములు. కరెంటు వెళ్లే ఫేజు తీగా, తిరిగివచ్చే న్యూట్రల్ తీగా కలిపి చూస్తే మీటరుకు 0.0148 ఓము. అందులో 20 ఆంపియర్ల కరెంటు పారితే ప్రతి మీటరు పొడవులోనూ దాదాపు 6 వాట్ల వేడి పుడుతుంది; తీగ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది గనుక అది 7 వాట్లకు చేరుతుంది. గోడ మీద విడిగా బిగించిన వైరుకు ఈ వేడి ఒక లెక్కలోది కాదు, చుట్టూ ఉన్న గాలి ఎప్పటికప్పుడు దాన్ని తీసుకుపోతుంది. అదే వైరును జానెడు మందం పరుపులో పూడ్చిపెట్టినప్పుడే సమస్య.

వైరు కొనేటప్పుడు మనకు చెప్పే ఆంపియర్ల సంఖ్యకు వెనక కొన్ని షరతులుంటాయి, వాటిని ఎవరూ చదవరు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి 60364 ప్రమాణం ప్రకారం, పీవీసీ తొడుగున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులును గోడకు నేరుగా బిగిస్తే 27 ఆంపియర్లు మోయగలదు. అయితే అది చుట్టూ గాలి 30 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పటి మాట. పీవీసీ తొడుగు నిలకడగా తట్టుకోగలిగిన వేడి 70 డిగ్రీలు. అంటే తీగ తన సొంత కరెంటు వల్ల వేడెక్కడానికి 40 డిగ్రీల వెసులుబాటు ఉందన్నమాట. ఎండకు కాగిన అటకలో గాలి 50 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ వెసులుబాటు 20 డిగ్రీలకు, సరిగ్గా సగానికి పడిపోతుంది. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, వేడిని సగం చేయాలంటే కరెంటును 0.71 వంతుకు తగ్గించాలి. ప్రమాణపు పట్టికలో 50 డిగ్రీలకు ఇచ్చిన గుణకం, అంటే ఆంపియర్లను హెచ్చవేయవలసిన సంఖ్య, కూడా అదే, 0.71. అటక 60 డిగ్రీలకు చేరితే గుణకం 0.50. మండే ఎండలో రేకు కప్పు కింద 60 డిగ్రీలు అరుదైన సంగతి కాదు.

ఇప్పుడు పైన చెప్పిన కేబులునే తీసుకుందాం. అటక వేడి 50 డిగ్రీలు అయితే 27 ఆంపియర్లు 19కి దిగాయి. అర మీటరుకు మించిన పొడవున నాలుగు వైపులా పరుపు కమ్ముకుంటే మరో 0.5 గుణకం వర్తిస్తుంది. 19 కాస్తా 9.6 అవుతుంది. అలాంటి మూడు సర్క్యూట్ల కేబుళ్లను ఒకే కట్టగా కట్టి, మూడింటి మీదా ఒకేసారి నిండు లోడు పెడితే 0.70 గుణకం కూడా కలుస్తుంది. చివరికి మిగిలేది 6.7 ఆంపియర్లు. మరి ఆ సర్క్యూటుకు డీబీలో, అంటే ఇంటి కరెంటును సర్క్యూట్లుగా పంచే పెట్టెలో, ఉన్న ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే మీట) ఎంత? సాధారణంగా 16, లేదంటే 20. కేబులు మోయగలిగింది ఏడు కన్నా తక్కువ, ఎంసీబీ నిరభ్యంతరంగా వదిలేది 20. ఎంసీబీ పడలేదు గనుక అంతా బాగుందనుకునే ఇంటివారికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. దానికి తోడు అటక బాగా కాగే వేళకే ఏసీలన్నీ నడుస్తుంటాయి. అంటే వైరుకు బలం తక్కువున్న గంటల్లోనే దాని మీద బరువు ఎక్కువ.

ఇదంతా చెప్పేసరికి ఇంకా కాలిపోని ఇళ్లు ఎన్ని లేవు అని అడిగేవారుంటారు. నిజమే, వైరు ఒక్క రోజులో కాలిపోదు. పరిమితికి మించి వేడెక్కిన ప్రతిసారీ పీవీసీ కొంచెం కొంచెంగా మెత్తదనం కోల్పోతుంది. నిలకడగా పది డిగ్రీలు ఎక్కువైతే తొడుగు ఆయుష్షు సుమారుగా సగానికి వస్తుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. పాత అటకల్లో వైరును కాస్త వంచితే తొడుగు పెంకుల్లా రాలడం నేను పలుమార్లు చూశాను. కదపనంతకాలం అది బాగున్నట్టే కనిపిస్తుంది. పరుపు పరచడానికి వచ్చినవాడు దాన్ని పక్కకు జరిపిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

థర్మోకోల్ పలకల విషయంలో ఇంకో చిక్కుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ద్రవ్యాలు థర్మోకోల్‌ను తాకినప్పుడు అందులోకి జారిపోతాయి. తాకిన చోట థర్మోకోల్ కరిగినట్టు జిగటగా మారుతుంది, వైరు తొడుగు బిరుసెక్కి పగులుతుంది. కాబట్టి పలకకూ వైరుకూ మధ్య పైపు గానీ, మరేదైనా అడ్డు గానీ ఉండి తీరాలి. ఈ ఒక్క సంగతి తెలియక చేసిన పనులు ఎన్నో చూశాను.

అయితే పరుపే వద్దా అంటే, అలా నేను అనను. వైరును పరుపు కింద కాక పరుపు పైన, గాలి తగిలేలా నడిపించాలి. అటక అడుగున అడ్డంగా ఉండే కర్రల పక్కలకు, పరుపు మందం కన్నా ఎత్తులో కేబులును బిగించుకుంటూ పోవడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. అలాగని మరీ పైకి, కప్పు రేకుకు ఆనించి కట్టకూడదు. వేడి గాలి అక్కడే చేరుతుంది, పైగా కప్పుకు కొట్టే మేకులూ మరలూ సరిగ్గా అక్కడే దిగుతాయి. పరుపు పరిచినంత మాత్రాన గది చల్లబడుతుంది గానీ అటక చల్లబడదని కూడా గుర్తుంచుకోవాలి. కిందికి దిగకుండా ఆగిన వేడి అటకలోనే ఉంటుంది. అందుచేత వైరు గాలిలో ఉన్నా 0.71, 0.50 గుణకాల లెక్క తప్పదు. ఎక్కడైనా పరుపులోంచే పోక తప్పదనుకుంటే 4 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేయాలి, లేదా 90 డిగ్రీలు తట్టుకునే క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ తొడుగున్నది ఎంచుకోవాలి. దానికి 50 డిగ్రీల దగ్గర గుణకం 0.82. ఇవేవీ కుదరని పాత ఇళ్లలో ఎంసీబీనే తగ్గించాలి. 20 తీసి 10 పెడితే, వాడకం ఎక్కువైనప్పుడు అది పడిపోతుంది, ఇంటివారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇక జాయింట్ల సంగతి. నా అనుభవంలో అటకలో పుట్టిన ప్రమాదాలకు వైరు మధ్యభాగం కన్నా జాయింట్లే ఎక్కువగా కారణం. ఒక ఇంట్లో పడకగది సీలింగు మీద చేతివెడల్పు గోధుమరంగు మచ్చ కనిపించిందని పిలిస్తే వెళ్లాను. వాన నీరు దిగిందని ఇంటివారి అనుమానం. ముట్టుకుంటే మచ్చ పొడిగా, కొంచెం వెచ్చగా ఉంది. పైకెక్కి పరుపు తొలగిస్తే, రెండు వైర్ల కొసలను చేత్తో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఒకటి బయటపడింది. పెట్టె లేదు, కనెక్టరు లేదు. టేపు మాడి బొగ్గయింది, కింది పలక నల్లబడింది. డీబీలో మాత్రం ఒక్క మీట కూడా పడలేదు. ఆ జాయింటు వేసినవారెవరో ఇంటివారికి గుర్తులేదు, నాకూ ఆ వివరం అవసరం లేదనిపించింది. పని అయిపోయాక కంటికి కనిపించని చోట ఎవరు చేసినా అలాగే చేసే ప్రమాదముంది.

మీట ఎందుకు పడలేదన్నది పాఠకులు అర్థం చేసుకోవలసిన సంగతి. వదులైన జాయింటు దగ్గర అర ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 50 వాట్లు. రేడియో బాగుచేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే, అది లోహాన్ని కరిగిస్తుంది. ఇక్కడ దానికి రెట్టింపు వేడి ఒకే బిందువు దగ్గర, పరుపు కింద, గంటల తరబడి పుడుతుంది. అయినా ఎంసీబీ దృష్టిలో పారుతున్నది 10 ఆంపియర్లే, దాని హద్దులోనే ఉంది. వోల్టేజీలో తగ్గేది 5 వోల్టులు, అది ఎవరి కంటికీ ఆనదు. షాకు నుంచి కాపాడే మీట అయిన ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగివచ్చిందా లేదా అని మాత్రమే. ఎర్తులోకి లీకేజీ ఏమీ లేదు గనుక అదీ కదలదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం, ఇక మాకు భయం లేదనేవారికి నేను చెప్పేది ఇదే. అది ప్రాణాన్ని షాకు నుంచి కాపాడుతుంది, తప్పకుండా ఉండాలి, కానీ వదులు జాయింటును పట్టుకోవడం దాని పని కాదు. వైర్ల మధ్య ఎగిరే నిప్పురవ్వను పసిగట్టే పరికరాలు ఇప్పుడు వస్తున్నాయి. రవ్వ లేకుండా మౌనంగా వేడెక్కే జాయింటు వాటికీ అందకపోవచ్చు.

కాబట్టి అటకలో జాయింటు లేకపోవడమే ఉత్తమం. డీబీ నుంచి స్విచ్చుబోర్డు దాకా తుండు పడని కేబులు లాగితే నాలుగు మీటర్ల వైరు ఎక్కువవుతుందేమో గానీ, అటకలో వెతుక్కోవలసిన చోటు ఒకటి తగ్గుతుంది. జాయింటు తప్పనిసరైతే మూతున్న జంక్షన్ బాక్సులో, సరైన కనెక్టరుతో వేయాలి. ఆ బాక్సును కర్రకు బిగించాలి, పరుపు పైకి కనిపించేలా ఉంచాలి, మెట్లు తెచ్చి మూత తెరిచి చూడగలిగే చోట పెట్టాలి. రాగి వైరును అల్యూమినియం వైరుతో నేరుగా కలపకూడదు. ఆ రెండూ వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, అల్యూమినియం మీద గాలి తగలగానే కరెంటుకు అడ్డుపడే పొర ఏర్పడుతుంది, కొన్నాళ్లకు జాయింటు వదులవుతుంది. ఆ కలయికకోసమే చేసిన కనెక్టర్లు ఉన్నాయి, అవే వాడాలి.

వైరుకు బయటినుంచి తగిలే దెబ్బల సంగతి కొంచెం త్వరగా ముగిస్తాను. కర్రకు రంధ్రం చేసి కేబులును దూర్చేటప్పుడు రంధ్రం కర్ర నడిమధ్యన ఉండాలి. అంచుకు కనీసం 32 మిల్లీమీటర్ల దూరం లేకపోతే 1.6 మిల్లీమీటర్ల ఉక్కు పలక అడ్డు పెట్టాలని అమెరికా వైరింగు కోడ్ చెబుతుంది. సీలింగుకు మర బిగించేవాడికి వైరు ఎక్కడుందో తెలియదు గనుక ఆ జాగ్రత్త ఏ దేశంలోనైనా పనికొచ్చేదే. అటకలోకి ఎక్కే కంత చుట్టూ 1.8 మీటర్ల మేర వైర్లను అడ్డు చెక్కలతో కాపాడాలన్నది కూడా అదే కోడ్‌లోని మాట. సామాను దించేవాళ్ల మోకాళ్లూ పెట్టెలూ మొదట తగిలేది అక్కడే. క్లిప్పులను వైరు నలిగేంతగా కొట్టకూడదు. రేకు అంచుల మీదుగా వైరు పోయే చోట రబ్బరు గ్రామెట్ (అంచు కోయకుండా తొడిగే కట్టు) ఉండాలి. ఎలుకల ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసుకోవడానికి అవి ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటాయి; ఆ బెడద ఉన్న ఇళ్లలో ఉక్కు పైపులోంచి వైరింగు చేసి, ఆ పైపుకు ఎర్తు ఇవ్వడం ఖర్చుతో కూడినదైనా మంచి ఏర్పాటు. అంతకన్నా ముందు అవి దూరివచ్చే సందులు మూయాలి.

సీలింగులో పొదిగిన దీపాల మీద పరుపు కప్పేయడం గురించి వ్యాసకర్త తప్పక రాయవలసింది. పాత హేలోజన్ దీపమైతే పరుపు మాడేంత వేడెక్కుతుంది. ఎల్ఈడీ చల్లనిదని అందరి నమ్మకం. దాని ముఖం చల్లగానే ఉంటుంది, వేడంతా వెనక ఉండే లోహపు రెక్కల్లోనూ, దీపానికి తగిన కరెంటు అందించే డ్రైవర్ డబ్బాలోనూ ఉంటుంది. పైన కప్పవచ్చునని తయారీదారు స్పష్టంగా రాసిన దీపాలు తప్ప, మిగిలినవాటి చుట్టూ పరుపును దూరంగా ఆపి, మంటకు కాలని గూడు ఒకటి బోర్లించాలి. డ్రైవర్ డబ్బాను పరుపు పైకి తీసి కర్రకు బిగించాలి.

ఈ పనులు ఎవరికి వారు చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు నా సమాధానం, చూడటం వరకు చేసుకోవచ్చు, వైరు విప్పడం మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని అని. చూడటానికి ఎక్కినా మెయిన్ తీసే ఎక్కాలి. టెస్టరు వెలగలేదు గనుక కరెంటు లేదనుకోవడం పొరపాటు. కరెంటు ఉన్న చోట ముందు టెస్టరును పరీక్షించి, ఆ తర్వాత అనుమానమున్న వైరును చూసి, మళ్లీ వచ్చి కరెంటున్న చోటే పరీక్షించాలి. ఇన్వర్టరు, సోలార్ ఉన్న ఇళ్లలో మెయిన్ తీసినా కొన్ని వైర్లలో సరఫరా ఉంటుంది, వాటినీ ఆపాలి. కాలు కర్ర మీదే వేయాలి, సీలింగు పలక మనిషి బరువు ఆపదు. గ్లాస్‌వూల్ నూగు చర్మానికీ ఊపిరితిత్తులకూ పడదు గనుక ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి. చాలా పాత ఇళ్ల అటకల్లోని పొరల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది; అనుమానం వస్తే దాన్ని కదపకుండా దిగిపోవడమే మంచిది. ఎండ తగ్గిన వేళ ఎక్కాలి, కింద ఒక మనిషి ఉండాలి. నేనొకసారి ఒంటరిగా ఎక్కి, వేడికి కళ్లు తిరిగి కంత దాకా పాక్కుంటూ వచ్చాను. అప్పటినుంచి ఒంటరిగా ఎక్కలేదు.

పరుపు కప్పకముందే చేయవలసిన పరీక్ష ఒకటి మిగిలింది. దీపాలు, ఉపకరణాలు అన్నీ విడదీసి, సరఫరా ఆపి, మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగు నిరోధం కొలిచే మీటరుతో, 500 వోల్టుల డీసీ పెట్టి ఫేజుకూ ఎర్తుకూ, న్యూట్రల్‌కూ ఎర్తుకూ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య నిరోధం కొలవాలి. పైన చెప్పిన 60364 ప్రమాణం ప్రకారం కనీసం 1 మెగాఓము ఉండాలి. కొత్త వైరింగు అయితే అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. పాత వైరింగు 1 మెగాఓము దగ్గర తచ్చాడుతుంటే దాని మీద పరుపు పరిచే ఆలోచన మానుకుని, ముందు వైర్లు మార్చాలి. ఈ పరీక్షకు ఒక పూట చాలు. పరుపు పరిచే గుత్తేదారు సాధారణంగా దీన్ని తన పని అనుకోడు, ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవరు. ఇద్దరినీ ఒకే రోజున రప్పించవలసింది ఇంటి యజమానే.

పరీక్ష అయ్యాక అటకలో వైర్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో, జంక్షన్ బాక్సులు ఏ గది మీద ఎక్కడున్నాయో కొలతలతో ఒక బొమ్మ గీసి, నాలుగైదు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. బొమ్మ నకలు ఒకటి డీబీ తలుపు లోపలివైపు అంటిస్తే, పదేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఎవరున్నా, పనికి ఎవరొచ్చినా అది వారి కంటపడుతుంది.

వ్యాసకర్త ఈ విషయం మీద రెండో భాగం కూడా రాయబోతున్నట్టు మీరు ప్రకటించారు. అందులో పరుపు మందం పట్టిక వేసేటట్లయితే, దాని పక్కనే ఆ పరుపు కింద ఏ సైజు వైరు ఎన్ని ఆంపియర్లు మోయగలదో చెప్పే చిన్న పట్టిక కూడా వేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వైరింగు సూపర్‌వైజరు